దిగుతున్నానక్కా

సినిమాలు తీసిన చోట్లు చూపించడం ఆమె ఉద్యోగం. ఊరి నడిబొడ్డున గడియార స్తంభం దగ్గర పొద్దున తొమ్మిదింటికి చిన్న బస్సు బయల్దేరుతుంది. హీరో నదిలోకి దూకిన వంతెన, విలన్ పావురాలకు గింజలు చల్లిన చౌరస్తా, ప్రేమికులు విడిపోయిన పాత రైల్వే ప్లాట్‌ఫారం... ఒక్కో చోటా జనాన్ని దింపి, చేతిలోని ట్యాబ్‌లో ఆ సీను చూపించి, "సరిగ్గా ఇక్కడే" అంటుంది. వాళ్లు అక్కడే నిలబడి ఫొటోలు దిగుతారు. ఏడేళ్లుగా ఇదే పని. ఏ సీనులో ఎవరు ఏ కాలు ముందు పెట్టారో కూడా ఆమెకు నోటికొచ్చు.

ఆ రోజు చెల్లెలు కూడా వచ్చింది. సినిమా పిచ్చి ముదిరి ఇంట్లో దాని పేరే హీరోయిన్ అయిపోయింది. సోమవారం నుంచి బ్యాంకులో కొత్త ఉద్యోగం. ఇక సెలవులు దొరకవు, ఒక్కసారి తీసుకెళ్లమని వారం రోజులు అక్క ప్రాణం తోడేసింది. బస్సెక్కాక డ్రైవరు బాబాయి పక్క సీటు పట్టేసి, ప్రతి మలుపులోనూ అక్క కంటే ముందే సినిమా పేరు చెప్పేస్తోంది.

"ఇక నువ్వు ఇంటికెళ్లి పడుకోవచ్చమ్మా" అన్నాడు బాబాయి, అక్కను అద్దంలో చూసి నవ్వుతూ.

ఆఖరి మజిలీకి చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. సన్నగా వాన పడుతోంది. నాలుగంతస్తుల పాత మేడ అది. లోపల గుండ్రంగా తిరుగుతూ పైకెళ్లే మెట్లు, వాటి అంచున పట్టుకుని దిగడానికి నల్లటి చెక్క కటకటాలు. ఒక పాత నలుపు తెలుపు సినిమాలో హీరోయిన్ ఏడుస్తూ ఆ మెట్లన్నీ దిగి వస్తుంది. ఒకప్పుడు అందులో కాపురమున్న ఉమ్మడి కుటుంబం ఖాళీ చేసి చాలా కాలమైంది. వచ్చే వారం కూలగొడుతున్నారు కాబట్టి ఇదే చివరి చూపు.

లోపల తడిసిన సున్నం వాసన, పావురాల రెట్ట వాసన. జనం కింది మెట్ల మీదే నాలుగు ఫొటోలు తీసుకుని, వాన పెద్దదవుతోందని బస్సులోకి పరిగెత్తారు. అక్కాచెల్లెళ్లిద్దరే మిగిలారు.

"పైదాకా ఎక్కి దిగు. అప్పుడే సినిమాలోలా కుదురుతుంది" అంది అక్క. తానే అంది. ఆ మాట తర్వాత ఎన్ని వందల సార్లు తలుచుకుందో.

చెల్లెలు చెప్పులు చేత్తో పట్టుకుని పైకి పరిగెత్తింది. అక్క కింద మధ్యలో నిలబడి ఫోను ఎత్తి పట్టుకుంది. పైన గాజు కప్పులోంచి బూడిద రంగు వెలుగు పడుతోంది.

"రెడీ... దిగు."

"దిగుతున్నానక్కా."

కటకటాల మీద చెల్లెలి చెయ్యి కనిపించింది, జారుతూ. నాలుగో అంతస్తు. మూడో అంతస్తు. ఒక చుట్టు... ఇంకో చుట్టు. సినిమాలో హీరోయిన్ కిందికి రావడానికి నిమిషం పడుతుంది. ఫోనులో రెండు నిమిషాలైంది. చెయ్యి ఇంకా మూడో అంతస్తు దగ్గరే ఉంది. అడుగుల చప్పుడు మాత్రం ఆగడం లేదు.

"వేషాలు చాలు. త్వరగా రా."

"దిగుతూనే ఉన్నానక్కా." గొంతులో ఆయాసం. "ఎన్ని మెట్లు బాబూ ఇవి..."

అయిదు నిమిషాలు. ఆ చెయ్యి తిరుగుతూనే ఉంది. కిందికి రావడం లేదు.

అక్క పైకి పరిగెత్తింది. మూడో అంతస్తు ఖాళీ. నాలుగోది ఖాళీ. దుమ్ములో చెల్లెలి పాదాల గుర్తులు... అన్నీ కిందికే. ఇప్పుడు అడుగుల చప్పుడు కింద నుంచి వస్తోంది.

"అక్కా..." గొంతు సన్నబడింది. "నా చెయ్యి వదులు. నొప్పిగా ఉంది."

అక్క రెండు చేతులూ కటకటాల మీదే ఉన్నాయి.

పరుగున కిందికి వచ్చింది. గుమ్మంలో డ్రైవరు బాబాయి నిలబడి ఉన్నాడు, ఆలస్యమవుతోందని చూడటానికొచ్చి. మెట్ల వైపు చూపించింది. ఆయన తల పైకెత్తాడు.

చెల్లెలు దిగి వస్తోంది. మామూలుగా. చెప్పులు చేతిలో. ఆఖరి మెట్టు దిగి అక్క చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి వెచ్చగానే ఉంది.

"ఏంటక్కా, అలా చూస్తున్నావ్? పద, వాన."

అక్క దాన్ని గట్టిగా కావలించుకుంది. అంతలో పై నుంచి...

"అక్కా... దిగుతున్నా... ఉన్నావా?"

అదే గొంతు. అదే ఆయాసం. బాబాయి మళ్లీ తల పైకెత్తాడు. ఆయనా విన్నాడు.

"ఎవరక్కా పైన?" అంది పక్కనున్నది, మెల్లగా.

అక్క మెట్ల వైపు ఒక అడుగు వేసి ఆగింది. పైకి వెళ్లాలి. కానీ ఈ చెయ్యి వదలాలి. వదిలితే... ఇదే నిజమైతే? బాబాయి ఆమె భుజం పట్టుకున్నాడు. "పాప వచ్చేసిందిగా తల్లీ. పద" అన్నాడు, తననే నమ్మించుకుంటున్నట్టు. బయటికి నడిపించాడు.

"అక్కా... ఎక్కడికెళ్తున్నావ్..."

బస్సు తలుపు మూసుకున్నాక వినిపించలేదు.

మర్నాడు ఆమె పోలీసులను బతిమాలి తీసుకొచ్చింది. ఇద్దరు వచ్చి నాలుగంతస్తులూ వెతికారు. ఎవరూ లేరు. "మీ చెల్లెలు ఇంట్లోనే ఉందంటున్నారుగా మేడమ్, ఇంకెవరి కోసం?" అనడిగారు. తర్వాతి వారం మేడ కూల్చారు. రోడ్డుకు అవతల నిలబడి సాయంత్రం దాకా చూసింది. యంత్రాల మోతలో ఇంకేదీ వినపడే అవకాశం లేదు. ఆ ఒక్క విషయానికే కాస్త ఊపిరి పీల్చుకుంది. అలా పీల్చుకున్నందుకు ఇంటికొచ్చి స్నానాల గదిలో ఏడ్చింది.

చెల్లెలు బ్యాంకుకు వెళ్తోంది. వేళకు తింటోంది, నవ్వుతోంది. అమ్మకు ఏ తేడా తెలియలేదు. అక్క కూడా ఆ తేడా కోసం వెతికి వెతికి అలసిపోయింది. చేతి మీద పుట్టుమచ్చ ఉంది. చిన్నప్పటి కబుర్లన్నీ గుర్తున్నాయి. తన భయమే పిచ్చిదేమో అనుకోవడం మొదలుపెట్టింది.

మొన్న ఆదివారం పొద్దున, అమ్మ కూరగాయలకు వెళ్లింది. అక్క దుప్పట్లు మడుస్తోంది. చెల్లెలు ఇంకా మంచం మీదే ఉంది, సగం నిద్రలో, గోడ వైపు తిరిగి. వాళ్లింట్లో మగవాళ్లెవరూ లేరు. అక్కకు పెళ్లి కాలేదు. ఆమెను వదినా అని పిలిచేవాళ్లు ఈ లోకంలో ఎవరూ లేరు.

"వదినా," అంది చెల్లెలు, గుసగుసగా, "తలుపు గడియ పెట్టావా? ఆయన నిద్ర లేచాడు."