పదకొండు గంటలకు గట్టు తెగాలి

తాడు మీద రెండు కోతలున్నాయి.

పెద్దాయన దాన్ని టేబుల్ మీద పరిచి, ల్యాంపు దగ్గరికి జరిపాడు. ఆయన అసలు పేరు ఆ గూఢచారి డిపార్ట్‌మెంటులో సగం మందికి తెలియదు. తెలిసిన సగం మందీ దాన్ని పలకరు.

"చూడు" అన్నాడు.

డాక్టరమ్మ వంగి చూసింది. ఒక కోత సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. దానికి జానెడు దూరంలో రెండోది, నున్నగా, ఈ చివరి నుంచి ఆ చివరికి.

"రాయికి ఒరుసుకుని తెగితే పీచు లేస్తుంది. ఇది కత్తి సార్. మొదటిసారి తెగలేదు. మళ్ళీ కోశాడు" అంది.

ఏడవలేదు. ఏడవవలసినదంతా రెండంతస్తుల కింద, శవాలు దాచే చల్లని గదిలో ఏడ్చి వచ్చింది. ఆ తాడు కింది కొసకు వేలాడినవాడు ఆమె తమ్ముడు. ఆరేళ్ళుగా పరాయి దేశపు మంచు కొండల్లో ట్రెక్కింగ్ గైడు. ఆ ఆరేళ్ళూ డిపార్ట్‌మెంటుకి కళ్ళూ చెవులూ కూడా.

"పడిపోయే ముందురోజు శాటిలైట్ ఫోన్లో మెసేజ్ పంపాడు" అని పెద్దాయన ఒక కాగితం ముందుకు తోశాడు.

'గట్టులో ఏడు రంధ్రాలు. వాళ్ళు ముగ్గురు కాదు, నలుగురు.'

గోడ మీద మ్యాపు దగ్గర పెద్దాయన బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. అయిదువేల మీటర్ల ఎత్తున మంచు కరిగి ఏర్పడిన సరస్సు. దానికి ఒకవైపు రాళ్ళూ, ఇసుకా, మంచుగడ్డా కలిసి సహజంగా పేరుకున్న గట్టు. కింద లోయ, లోయలో కరెంటు కేంద్రం, నలభై వేల మంది ఉన్న ఊరు.

"ప్రొఫెసర్ అని ఒకడు, ఇద్దరు అసిస్టెంట్లు. మంచు మీద రీసెర్చ్ అని పర్మిట్ తీసుకుని అక్కడ కూర్చున్నారు. మూడు పాస్‌పోర్టులూ దొంగవే. గట్టు తెగితే నలభై నిమిషాల్లో ఊరుండదు. కాస్త ఎండ కాసిన పూట తెగితే ఎవడికీ అనుమానం కూడా రాదు. ప్రకృతి వైపరీత్యం అని నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటారు."

"సైన్యం?"

"అది ఆ దేశం వాళ్ళ సైన్యం. ఒప్పించేసరికి నెల. ఈలోగా ఒక్క టోపీ కనిపించినా వీళ్ళు మీట నొక్కేస్తారు. లోపల మనవాడు ఒకడున్నాడులే. హీరో."

హీరో అంటే ఆమెకే కాదు, లోకానికీ తెలుసు. శిఖరాల మీద నిలబడి నవ్వే పర్వతారోహకుడు, ఫొటోగ్రాఫర్. ఆ నవ్వు బూట్లు అమ్మింది, వాచీలు అమ్మింది. ప్రొఫెసర్ ముఠా తమ పనికి మంచి తెర దొరికిందని అతన్ని వెంట పెట్టుకుంది. అతను మూడేళ్ళుగా డిపార్ట్‌మెంటు జీతగాడని వాళ్ళకు తెలియదని పెద్దాయన నమ్మకం.

"రూలు ప్రకారం నిన్ను పంపకూడదమ్మా" అన్నాడు.

"ఆ ఎత్తులో పనిచెయ్యగల డాక్టర్లు మీ దగ్గర ఇంకెంతమంది ఉన్నారు సార్?"

పెద్దాయన ల్యాంపు ఆర్పేశాడు. అదే జవాబు.

"మా అమ్మకి ఏం చెప్పను?" అంది తలుపు దగ్గర ఆగి.

"పని అయ్యేదాకా ఏమీ చెప్పకు. వాడు దొరకలేదనే అక్కడ అనుకుంటున్నారు."

ఆ సాయంత్రం అమ్మ ఫోన్లో, "వాడు ఫోన్ ఎత్తట్లేదే. నువ్వు పెద్దదానివి, కాస్త గట్టిగా మందలించవే" అంది. సరేనంది.

*

ట్రెక్కింగ్ కంపెనీ డాక్టరుగా ఆమె తొమ్మిది రోజులు నడిచి సరస్సు చేరింది. క్యాంపు గట్టు కిందే, చదును నేల మీద. అయిదు గుడారాలు, ఒక వంట టెంటు. కూలీలు సామాను దింపి వెళ్ళిపోయారు. మిగిలింది ప్రొఫెసర్, అతని ఇద్దరు అసిస్టెంట్లు, హీరో, వంటాయన.

హీరో ఎదురొచ్చి ఆమె బ్యాగు అందుకున్నాడు. ఎండకు కమిలిన ముఖంలో పళ్ళు తళుక్కుమన్నాయి.

"డాక్టరుగారూ, దగ్గు మందుందా?"

"ఉంది. చాలా చేదు."

"చేదైతేనే పనిచేస్తుంది."

కోడ్ కలిసింది. బ్యాగు టెంటులో పెడుతూ అతను గొంతు తగ్గించాడు. "గైడు సంగతి విన్నారుగా. పాపం, మంచివాడు. వాళ్ళ నాలుగో మనిషెవరో నేను కనిపెట్టాను. వంటవాడు. వాడి చేతి తిండి తినేముందు ఆలోచించుకోండి."

డాక్టరమ్మ తలూపింది. గైడు తన తమ్ముడని ఇతనికి తెలియదు. నలుగురన్న మాట తమ్ముడు పెద్దాయనకు పంపాడు. మరి ఇతనికి ఎలా తెలిసింది? తమ్ముడే చెప్పి ఉండొచ్చు. చెప్పినందుకే పోయి కూడా ఉండొచ్చు.

వంటాయన అరవై ఏళ్ళవాడు. రొట్టెలు కాలుస్తూ, అడక్కుండానే గైడు గురించి మొదలుపెట్టేవాడు. "నన్ను బాబాయ్ అనేవాడమ్మా. నాకు మోకాళ్ళ నొప్పులని నీళ్ళు తనే మోసేవాడు. అంత జాగ్రత్త మనిషి తాడు మీంచి జారడమేంటి?" అని కళ్ళు తుడుచుకుని, పొగ మీదికి నెట్టేవాడు. డాక్టరమ్మ అతని రొట్టె తిన్నది. మూడు రోజులు తిన్నది. ఏమీ కాలేదు.

ఆమె దగ్గర ఒక ఆక్సీమీటరుంది. వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపిస్తుంది. వెనక చిన్న మీట నొక్కితే మాత్రం, పేలుడు పెట్టె పంపే రేడియో సంకేతాన్ని పట్టుకుంటుంది. దగ్గరికి వెళ్ళేకొద్దీ అంకె పెరుగుతుంది. కానీ గట్టు మీద అసిస్టెంట్లలో ఒకడు, పొడుగ్గా ఉండేవాడు, పగలల్లా కాపలా. ఎక్కబోతే, "రాళ్ళు జారతాయి డాక్టర్, వెనక్కెళ్ళండి" అనేవాడు. జేబులోంచి చెయ్యి తీసేవాడు కాదు.

నాలుగో రోజు పొద్దున తొమ్మిదింటికి ప్రొఫెసర్, రెండో అసిస్టెంటు శాంపిల్స్ తెస్తామని కనుమ వైపు వెళ్ళారు. శాంపిల్స్‌కి వెళ్ళేవాళ్ళు పడక సంచులు మోసుకుపోరు. ఇవాళే అని ఆమెకు అర్థమైంది. హీరోని లేపుదామని వెళ్ళింది.

హీరో టెంటు ముందు వాంతి చేసుకుంటున్నాడు.

"లేచి నిలబడు. ఒక కాలి వేళ్ళకు రెండో కాలి మడమ ఆనిస్తూ తిన్నగా నడు."

రెండడుగులకే తాగినవాడిలా తూలి పడ్డాడు. మెదడుకి నీరు పట్టింది. వారం రోజులుగా ఎక్కడం, దిగడం, తలనొప్పి మాత్రలతో దాచుకోవడం. ఎన్ని శిఖరాలెక్కినవాణ్ణయినా ఎత్తు ఏదో ఒక రోజు పట్టుకుంటుంది.

ఇంజెక్షన్ ఇచ్చి, వంటాయనని కేకేసింది. ఇద్దరూ కలిసి అతన్ని టెంటులోకి మోసి, గాలి సంచిలో పడుకోబెట్టి జిప్పు లాగారు. మనిషి పట్టేంత రబ్బరు సంచి అది. కాలితో పంపు తొక్కుతూ లోపల గాలి ఒత్తిడి పెంచితే, రోగిని పదిహేను వందల మీటర్లు కిందికి దింపినంత మేలు. తొక్కడం ఆపితే అంతే సంగతులు.

ఆమె తొక్కింది. అరగంటకు సంచి కిటికీలోంచి హీరో కళ్ళు తెరిచాడు. అవి ఆమెను చూడడం లేదు.

"గట్టిగా ఉంది" అన్నాడు. రబ్బరు గుండా మాట నూతిలోంచి వచ్చినట్టు వినిపించింది. "తాడు గట్టిగా ఉంది... కత్తి మొద్దుబారిపోయింది... రెండుసార్లు కొయ్యాల్సి వచ్చింది... వాడు పైకే చూస్తున్నాడు..."

డాక్టరమ్మ కాలు ఆగిపోయింది.

రెండు కోతల సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. ఆమె, పెద్దాయన, కోసినవాడు.

సంచి గోడలు మెల్లగా మెత్తబడ్డాయి. ఒకటి, రెండు, మూడు... ఎన్ని క్షణాలో ఆమెకే తెలియదు.

"తొక్కండమ్మా! ఏమైంది?" అంటూ వంటాయన గుడారంలోకి వచ్చాడు. ఆ మాటలేవీ అతను వినలేదు.

ఆమె తొక్కింది. కిటికీ మీదికి వంగింది.

"ఇటు చూడు. ప్రొఫెసర్ వెళ్ళిపోయాడు. నిన్ను గట్టు కిందే వదిలేసి పోయాడు. ఎన్నింటికి?"

"హెలికాప్టర్... నా కోసం హెలికాప్టర్ వస్తుంది..."

ఆమె గుడారం తెర పక్కకు లాగింది. "ఆకాశం వంక చూడు. వస్తోందా?"

హీరో చాలాసేపు కిటికీలోంచి పైకి చూశాడు. తర్వాత చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"పదకొండు" అన్నాడు. "పెట్టె ఒకటే. ఏడు బాంబులకీ కలిపి. ఏ రంధ్రంలో ఉందో నాకు చెప్పలేదు. వైరు కోస్తే ఆరు చస్తాయి. ఏడోది పెట్టెలోనే ఉంది. అది ఆగదు."

టైము పది దాటి పది నిమిషాలు.

"బాబాయ్" అంది డాక్టరమ్మ, "గట్టులో బాంబులున్నాయి. నేను పైకి వెళ్తున్నా. నువ్వు ఆ ఎదురు కొండ ఎక్కెయ్. ఇప్పుడే."

వంటాయన గట్టు వైపు చూశాడు, సంచి వైపు చూశాడు. "మరి ఈయన?"

"తొక్కేవాళ్ళు లేకపోతే పోతాడు."

"అయితే నేను తొక్కుతానమ్మా. మోకాలు నొప్పి ఒక కాలికే."

నీ గైడుని చంపింది వీడే అనే మాట ఆమె పళ్ళ దాకా వచ్చింది. చెబితే ఆ కాలు ఆగుతుంది. ఆగితే ఈ ముఠా వెనక ఎవరున్నారో చెప్పే నోరు మూతపడుతుంది. ఆ మాట మింగేసి పరుగెత్తింది.

*

గట్టు ఎక్కేసరికి పదీ నలభై మూడు. ఊపిరి అందక కళ్ళ ముందు నల్లటి చుక్కలు తిరుగుతున్నాయి. పొడుగువాడు సంచి భుజానికి తగిలించుకుని కనుమ దారి పట్టబోతున్నాడు. ఆమెను చూసి జేబులోంచి చెయ్యి తీశాడు. చేతిలో పిస్టల్.

"వెనక్కి, డాక్టర్."

"హీరో పోయేలా ఉన్నాడు, సాయం పట్టు!" అంటూ ఆగకుండా మీదికి నడిచింది. వాడు క్షణం తటపటాయించాడు. ఆ క్షణంలోనే చేతిలోని మంచుగొడ్డలి తిప్పి మణికట్టు మీద కొట్టింది. పిస్టల్ పేలింది, తూటా రాళ్ళలోకి పోయింది. ఇద్దరూ పెనుగులాడుతూ సరస్సు వైపు జారారు. ఆమె గొడ్డలి మంచులో దిగి నిలిచింది. వాడికి పట్టు దొరకలేదు. పల్చటి మంచు పలకను పగలగొట్టుకుని నీళ్ళలో పడ్డాడు.

చెయ్యి పైకి చాచాడు. "డాక్టర్!"

ఆ నీళ్ళలో మనిషి ఎన్ని నిమిషాలుంటాడో ఆమెకు తెలుసు. పైకి లాగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో కూడా తెలుసు. టైము పదీ నలభై తొమ్మిది.

వెనక్కి తిరిగింది. ఆ కేక మరో నాలుగుసార్లు వినిపించి ఆగిపోయింది.

ఆక్సీమీటరు మీట నొక్కింది. మొదటి రంధ్రం దగ్గర అరవై రెండు. రెండోది డెబ్బై. మూడోది ఎనభై ఒకటి. నాలుగో దగ్గర తొంభై తొమ్మిది చూపించి ఆగింది. రాళ్ళు పెరికింది, గోళ్ళు ఊడేలా పెరికింది. మోచేతి లోతున ఆకుపచ్చ పెట్టె, దాన్నించి వేలి మందాన వైరు. కట్లు కోసే కత్తెర ఆ వైరుకి చాలడం లేదు. కొరికినట్టు కోసింది, మళ్ళీ కోసింది. పదీ యాభై ఎనిమిదికి తెగింది.

పెట్టె నీళ్ళ బిందెంత బరువు. రెండు చేతులా ఎత్తి గట్టు అంచు దాకా మోసింది. రెండు అడుగులు వెనక్కి వేసి, ఉన్న బలమంతా పెట్టి విసిరింది. మంచు పలక పగిలింది, పెట్టె మునిగింది. ఆమె బోర్లా పడి తల మీద చేతులు పెట్టుకుంది.

సరస్సు కడుపులో ఏదో పగిలింది. నీళ్ళు ఇంటెత్తున లేచి గట్టు మీద విరుచుకుపడ్డాయి. కింద రాళ్ళు కదిలాయి. గట్టు పొడుగునా మూలిగింది.

తర్వాత ఆగింది. నిలబడింది.

ఆమె గుడారానికి తిరిగి వచ్చేసరికి వంటాయన ఇంకా తొక్కుతూనే ఉన్నాడు. బూటు విప్పేశాడు, పాదం వాచిపోయి ఉంది. "పెద్ద చప్పుడైందమ్మా" అన్నాడు, "అయినా నేను ఆపలేదు."

"నువ్వు కూర్చో బాబాయ్" అని ఆమె పంపు అందుకుంది.

హీరో కళ్ళలోకి తెలివి వస్తోంది. "ఇందాక నేను... ఏమైనా మాట్లాడానా?"

"అన్నీ మాట్లాడావు. నువ్వు తాడు కోసింది మా తమ్ముడిది."

కిటికీ వెనక ఆ ముఖంలో రంగు దిగిపోయింది. హీరో అడిగాడు, "మరి ఎందుకు తొక్కుతున్నావు?"

"నీ నోట్లో పేర్లున్నాయి. అవి చెప్పేదాకా తొక్కుతాను. ఆ తర్వాత కూడా తొక్కుతాననే అనుకుంటున్నా. నన్ను ఎక్కువ ఆలోచించనివ్వకు. మొదలుపెట్టు."

వెనక వంటాయన చేతిలో గిన్నె కిందపడింది. బయటికి వెళ్ళి రాతి మీద కూర్చున్నాడు. అతని భుజాలు చాలాసేపు కదిలాయి.

పదకొండు పేర్లు వచ్చాయి. అందులో ఒకటి పెద్దాయన గదికి రెండు గదుల అవతల కూర్చునేవాడిది. ఆమె శాటిలైట్ ఫోన్ చేశాక, ప్రొఫెసర్నీ, వెంట ఉన్నవాణ్ణీ ఆ దేశపు పోలీసులు ఆ మధ్యాహ్నమే కనుమ అవతల పట్టుకున్నారు. మర్నాడు హెలికాప్టర్ వచ్చి హీరోని తీసుకెళ్ళింది. అతను బతికాడు. బోనెక్కేంత బతికాడు.

డాక్టరమ్మ అమ్మకు ఫోన్ చేసి, "వస్తున్నానమ్మా" అంది. "ఒక్కదాన్నే." ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. అవతలా పెట్టెయ్యలేదు.

కింది ఊళ్ళో నలభై వేల మందిలో ఒక్కరికీ ఏం తప్పిందో తెలియదు. పేలుడు జరిగిన రోజు సాయంత్రం నీటి సరఫరా ఆఫీసుకి మాత్రం నూట పన్నెండు ఫోన్లు వచ్చాయి. కుళాయిల్లో నీళ్ళు బురదగా వస్తున్నాయనీ, అడిగే నాథుడే లేడనీ, ఈ ఆఫీసులో ఎవడూ పని చెయ్యడనీ.