ఎడమ చక్రం నట్లు

“అక్కణ్నుంచి కాదు తల్లీ, చక్రం ఊడిపోయిన దగ్గర్నుంచి రాయకు. కరాపెట్ ఉస్తాద్ భయపడుతూ సల్వా దగ్గరికి వచ్చిన పొద్దున్నించి రాయి. నన్ను కూడా యూనుస్ అనే రాయి. ఆ, రాసుకో.”

జర్కా ఊళ్లో ప్రైవేటు పరిశోధనలు చేసే సల్వా దగ్గర యూనుస్ సహాయకుడు. ఆ పొద్దున్న వచ్చిన ముసలాయన చేతులకు గ్రీజు మరకలున్నాయి. టీ గ్లాసు ముట్టుకోలేదు. సైన్యం అమ్మేసిన పాత ట్రక్కులను, ట్రెయిలర్లను నలభై ఏళ్లుగా బాగుచేస్తున్న కరాపెట్ ఆయనే.

ముందురోజు ఆయన యజమాని మన్సూర్ యార్డులోంచి బయలుదేరిన నీళ్ల ట్రక్కుకు, పల్లం దిగుతుంటే కుడి వెనక చక్రం ఊడిపోయింది. డ్రైవరు కాలు విరిగింది. నట్లు బిగించలేదని తప్పు కరాపెట్ మీద పడింది. సాయంత్రానికి షెడ్డు ఖాళీ చేయాలి, ఆపైన పోలీసు ఫిర్యాదు. సొంత కొడుకు సర్కిస్ కూడా వయసైపోయింది మానేయమని చెప్పి బేరూత్ వెళ్లిపోయాడట.

“బిగించానమ్మా,” అన్నాడు ఆయన. చేతుల మీది గ్రీజు చూసుకుంటూ, “బిగించాననే అనుకుంటున్నా,” అన్నాడు.

ఆ రెండో మాట యూనుస్‌కు నచ్చలేదు. ఆయన్నే అనుమానించాడు.

ట్రక్కును యార్డులోకి లాక్కొచ్చి, ఎడమ పక్క గోడకు ఆనించి నిలబెట్టారు. అందరూ ఊడిన కుడి చక్రాన్నే చూపించారు. ప్రమాదానికి ముందురాత్రి బయటివాళ్లెవరూ రాలేదని కాపలాదారు ఇద్రీస్ చెప్పాడు గానీ, చెబుతూ నేల చూశాడు. యూనుస్ అనుమానం అతని మీదికి మళ్లింది. యజమాని అల్లుడు రవూఫ్ ఆఫీసులోంచి వచ్చి మర్యాదగా కాఫీ పోశాడు. అతని కుడిచేతి కణుపుల మీద తోలు లేచింది. కారు తలుపులో పడిందన్నాడు.

కరాపెట్ షెడ్డులో నేల మీద సుద్దముక్కతో గీసిన కొత్త గీతలున్నాయి. అవేమిటని సల్వా అడిగింది. అక్కడ అద్దాల షోరూం కట్టాలని అల్లుడి కోరిక అనీ, ఉస్తాద్ ఉన్నంతకాలం కుదరదని తానే చెప్పాననీ మన్సూర్ అన్నాడు.

ఆ తర్వాత సల్వా గోడకూ ట్రక్కుకూ మధ్య సందులో ఒదిగి లోపలికి వెళ్లింది. బయటికొచ్చేసరికి కోటు నిండా దుమ్ము. అదే రకం ట్రక్కు ఇంకోటుందా అని కరాపెట్‌ను అడిగింది. ఆయన ఒక బండి తలుపు దగ్గర ఇసుకరంగు గీకి, కింది సైన్యపు ఆకుపచ్చ రంగు చూసి, ఇనప పలక మీది నంబరు వేలితో తడిమి, “ఇది దానికి కవల,” అన్నాడు.

అందరినీ ఆ బండి ఎడమ చక్రం దగ్గరికి పిలిపించింది సల్వా. పానా రవూఫ్‌కు అందించి ఒక నట్టు విప్పమంది.

అతను తీసుకోలేదు. “ఎందుకు మేడమ్ శ్రమ? ఈ బండ్లకి ఎడమ నట్లు తుప్పు పట్టి ఉంటాయి. పానాకి పైపు తొడిగి వేలాడినా రావు.”

“ఎవరు వేలాడారు?” అంది సల్వా.

కరాపెట్ పానా అందుకుని కుడివైపుకు తిప్పాడు. నట్టు ఒంటిచేత్తో వచ్చేసింది.

“ఈ బండ్లకి ఎడమ పక్క నట్ల మర ఎదురు దిశలో తిరుగుతుంది,” అంది సల్వా. “విప్పాలంటే బిగించినట్టు తిప్పాలి. ఉస్తాద్‌కి తెలుసు. మన్సూర్ గారు సైన్యంలో ఇవే నడిపారు. ఇద్రీస్ రోజూ చూస్తాడు. గోడ పక్కనున్న చక్రం చూడండి, ఒక బోల్టు కొత్తగా విరిగింది, రెండు నట్ల మూలలు అరిగిపోయాయి. కుడి పక్క నట్లు వదులు చేసిన మనిషి, ఎడమ పక్కవీ అలాగే తిప్పాడు. తిప్పేకొద్దీ బిగుసుకున్నాయి. పైపు జారి చెయ్యి కొట్టుకుంది. ఇక్కడ బండి విప్పడం తెలియనివాడు ఒక్కడే.”

యజమాని అల్లుడు రాత్రి యార్డులోకొచ్చాడని ఎలా చెప్పను, అతను బయటివాడు కాదుగా అని ఇద్రీస్ గొణిగాడు.

“చక్రం ఊడి బండి గేటు దగ్గరే ఆగిపోతుందనుకున్నా మామా,” అన్నాడు రవూఫ్.

“అవతల డ్రైవరు కాలు విరగ్గొట్టుకుని పడున్నాడురా,” అని మన్సూర్ చెయ్యి చాపి అల్లుడి దగ్గరున్న గేటు తాళంచెవి తీసుకున్నాడు. పోలీసులకు తనే ఫోన్ చేశాడు.

కరాపెట్ విప్పిన నట్టును మళ్లీ ఎక్కించి బిగించాడు. పానా పెట్టి మళ్లీ చూశాడు. మూడోసారి పెట్టబోతుంటే యూనుస్ దగ్గరికెళ్లి, “బిగిసింది ఉస్తాద్,” అన్నాడు.

“నాకు తెలుసురా,” అన్నాడు ముసలాయన, పానా కింద పెట్టి.

“ఇక ఆపు తల్లీ. ఇది బేరూత్‌లో ఉన్న మీ సర్కిస్ మామకి ఫోన్లో చదివి వినిపించు. వాళ్ల నాన్న ‘అనుకుంటున్నా’ అన్న చోట ఫోన్ పెట్టెయ్యబోతాడు. పెట్టనివ్వకు. చివరిదాకా చదువు.”