వసపిట్ట నోటికి తాళం

పాట రెండో చరణంలో ఉండగా పియానో టక్కున ఆగిపోయింది.

వసపిట్ట కళ్లు తెరిచాడు. గాల్లోకి చాచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ఏమైంది?"

"మీరు పాడటం లేదు. పాడుతున్నట్టు నటిస్తున్నారు," అన్నాడు పియానో ముందు కూర్చున్న కొత్తతను.

రిహార్సల్ హాల్లో అందరూ ముసిముసిగా నవ్వారు. వసపిట్టకు ఒళ్లు మండింది. "డైలాగు చెప్పమంటే రాగం తీస్తావేంటి నాయనా?" అని పొద్దున డైరెక్టరమ్మ వేసిన అక్షింతలే ఇంకా దులుపుకోలేదు.

అతని బతుకంతా ఇంతే. పగలు నాటకాలు, వారాంతాల్లో బ్యాండులో పాటలు, మధ్యమధ్య రేడియో ప్రకటనలకు గొంతు అరువు. నటులు అతన్ని గాయకుడనేవారు, గాయకులు నటుడనేవారు. రెండు వైపులా చుట్టపుచూపుగా వచ్చినవాడిలాగే చూసేవారు. నోరు మూతపడదు కాబట్టి వసపిట్ట అని పేరు మాత్రం అందరూ కలిసే పెట్టారు.

ఇన్నాళ్లకు ఒక సంగీత నాటకంలో హీరో వేషం దొరికింది. లైట్‌హౌస్ కాపలావాడిని ప్రేమించిన నావికుడి కథ. అబద్ధపు చూపులతో హీరోయిన్ల వెంటపడీ పడీ అలసిపోయిన వసపిట్టకు, తనలాంటివాడిగా స్టేజీ ఎక్కడం ఇదే మొదటిసారి. అందుకే అమ్మానాన్నల్ని రమ్మన్నాడు. అందుకే భయం కూడా. "నేను గే అమ్మా" అని ఎప్పుడో చెప్పేశాడు. అమ్మ ఔననలేదు, కాదనలేదు. "ఏమన్నా తిన్నావా?" అంది. దాని అర్థమేమిటో అతనికి ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఇప్పుడు దానికి తోడు ఈ పియానో అతను. లయ ఇసుమంత కూడా తప్పడు, అవసరమైతే తప్ప నోరు విప్పడు. రెండింటికీ సరిపోతుందని ట్రూపువాళ్లు 'తాళం' అని పేరు పెట్టేశారు. రోజూ ఇద్దరూ కూర్చుని పాటలు సాధన చేయాలి; మాటల సీన్ల రిహార్సల్‌కు తాళం రాడు. మొదట్లో కోపంతో పాడిన వసపిట్ట, రానురాను ఆ వేళ్లనే చూస్తూ చరణాలు మరిచిపోవడం మొదలుపెట్టాడు.

"అక్కా, అందర్నీ నువ్వు అంటాడు. నన్నొక్కణ్నే మీరు అంటాడు," అని ఫోన్‌లో మొరపెట్టుకున్నాడు.

"గౌరవమేమోరా."

"ఇద్దరిదీ ఒకే వయసు! గౌరవం దేనికి?"

"పోనీ, దూరం పెడుతున్నాడేమో."

"మరి నా గొంతు ఆరిపోతుందని ఫ్లాస్కులో వేడినీళ్లు ఎందుకు తెస్తాడు?"

"నా బుర్ర తినకుండా వెళ్లి అతన్నే అడుగు!" అని అక్క ఫోన్ పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం వాన మొదలైంది. మిగతావాళ్లంతా దారిలో ఇరుక్కుపోయి రాలేదు. రేకుల కప్పు మీద చినుకుల హోరు. కిటికీ తలుపు వేసి వచ్చి, పియానో పక్కన నిలబడి, వసపిట్ట గబగబా అనేశాడు.

"నీ దగ్గర నాకు నటించడం చేతకావట్లేదు. నువ్వంటే ఇష్టం. చాలా."

తాళం చేతులు పియానో మెట్ల మీదే ఆగిపోయాయి. తల ఎత్తలేదు.

"బాగుంది," అన్నాడు. "ఆ 'చాలా' అక్కర్లేదు. ఏ సీన్లోది?"

వసపిట్ట గిరుక్కున తలుపు వైపు తిరిగాడు.

"రెండో... రెండో అంకంలోది," అని అబద్ధమాడి, గొడుగు అక్కడే వదిలేసి వానలోకి నడిచాడు. నిజంగానే అర్థం కాలేదా? లేక నొప్పి తెలియకుండా కాదన్నాడా? తడిసి ముద్దయి ఇల్లు చేరినా తేలలేదు.

ప్రదర్శన సాయంత్రం రానే వచ్చింది. రెండో వరసలో అమ్మ, నాన్న, అక్క. ఆ పాట దగ్గర వసపిట్ట చెయ్యి చాచలేదు. కళ్లు మూయలేదు. ఒక మాట దగ్గర గొంతు జీరబోయింది, పోనిచ్చాడు.

వింత జరిగింది రెండో అంకంలో. పియానో దగ్గర తాళం మాటిమాటికీ తలెత్తి చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఒకచోట వాయించడం మరిచాడు! ప్రేక్షకులు గమనించలేదు కానీ ట్రూపంతా నోరెళ్లబెట్టింది.

తెర పడగానే తాళం మేకప్ గదిలోకి వచ్చాడు.

"ఆ డైలాగు తీసేశారా?"

"ఏ డైలాగు?"

"వాన రోజు చెప్పింది. దాని కోసమే చూస్తూ లయ తప్పాను."

వసపిట్ట అద్దంలోంచే అతన్ని చూశాడు. "అది నాటకంలో లేదు. ఎప్పుడూ లేదు."

తాళం కుర్చీలో కూలబడ్డాడు. "నా ఎదురుగా నిలబడి ఇంకెవరి కోసమో రాసింది చెబుతున్నారని ఎంత ఏడ్చానో తెలుసా?"

"మరి 'చాలా' అక్కర్లేదన్నావ్!"

"ఏడుపు ఆపుకోవాలంటే ఏదో ఒకటి అనాలిగా!"

"నన్నొక్కణ్నే మీరు అనడం దేనికి?"

"చనువు పెరిగితే నోరు జారతానని భయం." తాళం లేచి అతని చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు... అంటే... నువ్వంటే నాకూ ఇష్టమే."

అంతలో తలుపు తోసుకుని అమ్మ లోపలికి వచ్చింది. వసపిట్ట చెయ్యి లాక్కోబోయాడు. తాళం వదల్లేదు.

అమ్మ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "ఆ కాపలావాడు చివరికి కూడా రాలేదేంట్రా?"

"కథ అంతేనమ్మా."

"ఏం కథో! పిల్లాడు అంతలా పాడుతుంటే రావడానికేం రోగం?" అంటూ ముక్కు తుడుచుకుంది. అప్పుడు పడింది ఆమె చూపు ఆ చేతుల మీద. "నువ్వెవరు బాబూ?"

వసపిట్ట నోరు తెరిచేలోపే జవాబు తాళమే చెప్పాడు.

"వచ్చినవాణ్నండీ."

అమ్మ అతన్ని ఎగాదిగా చూసి, పియానో వాయించినవాడేనని గుర్తుపట్టింది. తర్వాత బల్ల మీది దూది అందుకుని, కొడుకు చెంప మీద మిగిలిన రంగు మెల్లగా తుడిచింది.

"త్వరగా తెమలండి. మీ నాన్న గుమ్మంలో నిలబడి 'పాడిందీ మావాడే, ఆడిందీ మావాడే' అని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పుకుంటున్నారు. వాయించినవాడూ మావాడేనని చెప్పాలిగా!"