పాత డిస్క్ తిరిగినంతసేపు

"మళ్ళీ అడుగుతున్నా. ఈ పెళ్ళి ఫోటోలు ఇంకెక్కడైనా ఉన్నాయా, లేవా?"

"లేవు," అన్నాడు పెళ్ళిళ్ళబ్బాయి.

"కెమెరా కార్డుల్లో?"

"చెరిపేసి నిన్న ఇంకో పెళ్ళికి వాడేశాను."

అమ్మాయి స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. రిపేరు షాపు ఆమె బాబాయిది. ఫోటోలు తీసే ఈ అబ్బాయికి ఆ పేరు పెట్టింది ఆయనే. అబ్బాయి మాత్రం ఆమెను డాక్టరమ్మా అంటాడు.

అతని లాప్‌టాప్ పొద్దున్న ఆన్ కాకుండా మొరాయించింది. అందులోంచి తీసిన హార్డ్‌డిస్క్ ఇప్పుడు బల్ల మీద ఉంది. పక్కన దానికి నాలుగింతలు పట్టే కొత్త డిస్క్. రెండిటికీ వైర్లు తగిలించి ఆమె కాపీ మొదలుపెట్టింది. పాతది టిక్కు టిక్కుమంది.

"ఆ చప్పుడేంటి డాక్టరమ్మా?"

"లోపల తిరిగే పళ్ళెం మీద ముల్లు తడబడుతోంది. ఇప్పుడు కుదుపు తగిలితే ఇక అంతే."

వీధిలో లారీ వెళ్ళింది. ఒక కాలు పొట్టిగా ఉన్న ఆ బల్ల ఊగింది. అతను ఒక్క ఉదుటున మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు.

"కాలి కింద అట్టముక్క పెడదామా?"

"ఇప్పుడు ఎత్తితే ఇంకా కదులుతుంది. అలాగే ఉండండి. ఊపిరి కూడా నన్నడిగి తీసుకోండి."

సాయంత్రం పెళ్ళికూతురు స్టూడియోకి వస్తుంది. ఆమెకేం చెప్పాలో అతనికి తోచలేదు. ఈ అమ్మాయికేం చెప్పాలో అసలే తోచలేదు.

"డిస్క్ మార్చమని ఎంత మొత్తుకున్నాను? ప్రతి శనివారం 'నిండిపోయింది, కాస్త ఖాళీ చెయ్యండి' అంటూ రావడం. మార్చమంటే 'వచ్చేవారం చూద్దాంలే' అనడం. అంత బద్ధకమా?"

"బద్ధకం కాదు."

"మరి?"

అతను నోరు తెరిచేలోగా టిక్కు ఆగిపోయింది. తెర మీద కాపీ ఎంతయిందో చూపే గీత కూడా ఆగింది. షట్టర్ మీద వాన చినుకులు మొదలయ్యాయి. ఆమె గోరు కొరుక్కుంది.

టిక్కు. గీత కదిలింది.

"చెప్పండి. బద్ధకం కాకపోతే ఏంటి?"

"పెద్దది వేస్తే మళ్ళీ నిండటానికి రెండేళ్ళు పడుతుందన్నారు మీరు. అన్నాళ్ళు ఏ వంక పెట్టుకుని ఇక్కడికి రావాలో తెలీలేదు."

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.

"దానికోసం ఎవరి పెళ్ళో గంగలో కలుపుతారా?"

"తప్పే."

ముందు గదిలోంచి బాబాయి తొంగిచూశాడు. "పెళ్ళిళ్ళబ్బాయి నేల మీద కూలబడ్డాడేంటమ్మా?"

"బల్ల మోస్తున్నాడు బాబాయ్."

"మోయనీ. మనక్కావలసింది మోసేవాడే," అని ఆయన వెళ్ళిపోయాడు.

కాపీ పూర్తయింది. ఆమె కొత్త డిస్క్ బిగించి లాప్‌టాప్ ఆన్ చేసింది. పెళ్ళి ఫోల్డర్ తెరిచి చివరిదాకా చూసింది. ఒక్క ఫోటో సగం బూడిదరంగులోకి మారింది. అందులో ఉన్నది పెళ్ళికొడుకు స్నేహితుడు, ఆవులిస్తూ.

"ఇది పోయినా ఎవరూ ఏడవరు. ఇక వదలండి," అంది.

అతను బల్ల వదిలాడు. వేళ్ళు వెంటనే చాపలేకపోయాడు.

"నేనూ ఒకటి చెప్పాలి," అంటూ ఆమె ఇంకో ఫోల్డర్ చూపించింది. "మీ పాత ఫోటోలన్నిటికీ ఇందులో రెండేసి కాపీలున్నాయి. మొదటి వారమే చూశాను. ఒక్కో కాపీ తీసేస్తే ఏడాదిదాకా చోటుకి కరువుండేది కాదు."

"మరి తీయలేదే?"

"ప్రతిసారీ ఒక్క వారానికి సరిపడా మాత్రమే తీశాను."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"డిస్క్ మార్చమని చెప్పడం నా పని, చెప్పాను," అంది ఆమె. "మార్చనన్న ప్రతిసారీ లోపల సంతోషించాను. కాబట్టి నా తప్పూ ఉంది. ముందు ఈ పెళ్ళి ఫోటోల్ని వేరే డిస్క్‌లోకి కూడా ఎక్కించుకుని, ఆ పెళ్ళికూతురికి అప్పజెప్పు."

"మరి శనివారం?"

ఆమె లాప్‌టాప్ మూసి అతని చేతిలో పెట్టింది.

"శనివారం దీన్ని ఇంట్లో పెట్టి రా."