బావిల రీళ్లు

అరబ్బు దేశంల సమాయిల్ ఊరు దాటినంక ఖర్జూరం తోటల ఎనక ఒక ఎండిన బావి. పొద్దు గూకితె ఆ దిక్కు ఎవ్వలు పోరు. లోపటికెల్లి గరగర సప్పుడు... కుళ్లిన వాసన. "అండ్ల దెయ్యమున్నది, పోకుండ్రి" అని అందరికి చెప్పింది మా కూలీల క్యాంపు బాస్ సర్దారే.

ఇది డెబ్బై ఆరు ముచ్చట. నాకు చెప్పింది లారీ తోలే రషీద్ భాయ్.

ఆ ఏడు హాలీవుడ్ స్టూడియోవాళ్లు వచ్చి యుద్ధం సినిమా తీసిన్రు. శవాల లెక్క పండెటందుకు మా సైట్ మనుషులను తోలుకపోయిన్రు. మండుటెండల, ఇసుకల... కదలొద్దంట! మా క్యాంపుల ఉండే భీమన్నకు తమ్ముడు ఇస్తారి. ఆయన గూడ పండిండు. షూటింగ్ ఒడువంగనే అందరిని లారీలెక్కించి తరిమిన్రు. ఇస్తారి మాత్రం రూమ్‌కు రాలే.

"నీ తమ్ముడు పారిపోయిండు" అన్నడు భీమన్నతోని సర్దార్. ఊర్ల తల్లి కమలవ్వకు గదే కబురంపిన్రు. థూ... నోరెట్లొచ్చిందో!

కొన్నాళ్లకు ఆ దినం తీసిన సినిమా రీళ్లు బొమ్మ పడేటట్టు కడిగించి తెచ్చిన్రు. అవి చూసి స్టూడియో పెద్దసారు "బయట పడొద్దు" అన్నడంట. ఇయ్యనని డైరెక్టర్ కొట్లాడిండు. ఎవలింటరు? రీళ్ల డబ్బాలు గుంజుకొని ఆ ఎండిన బావిల పోయించిన్రు. ఆ లారీ తోలింది రషీదే. మనసాగక భీమన్నకు చెప్పిండు.

రాత్రి ఇద్దరు పోయిన్రు. గరగర... గరగర...

"భాయ్, పోదాం పా" అన్నడు రషీద్ గుసగుసగ.

"నా తమ్ముని మీద మాట పడ్డది. అదేందో సూస్త."

బావి అంచుకు చిక్కి ఒక రీలు యాలాడుతున్నది. గాలికి రాళ్లను రాసుకొని గరగరమంటున్నది. "గిదా దెయ్యం!" అని రషీద్ ఊపిరి పీల్చుకున్నడు.

భీమన్న రీలు గుంజి టార్చి పెట్టిండు. చిన్న చిన్న బొమ్మలు... ఇసుకల శవాలు. ఇంక గుంజిండు— శవాలు లేస్తున్నయ్, బట్టలు దులుపుకుంటున్నయ్, నవ్వుతున్నయ్.

ఒక్కడు లేవలే. చేతికి తల్లి ఏసిన వెండి కడెం. టోపీ పెట్టుకున్న దొర ఒకడు బూటు కాలుతోని కదిపి సూస్తున్నడు. ఛీ! మనిషి పుట్టుక పుట్టినోడు చేసే పనేనా?

"పారిపోలే... నా తమ్ముడు పారిపోలే" అన్నడు భీమన్న. ఏడ్సుకుంటనే ఇంక గుంజిండు.

రీలు రాలే. కిందికెల్లి ఎవలో పట్టుకున్నట్టు...

టార్చి లోపటికి కొట్టిండు. డబ్బాల సందుల ఒక చెయ్యి. రీలు దాని వెండి కడేనికి చుట్టుకొని ఉన్నది.