ఒక్క మాటా మాట్లాడని దెయ్యం

బొబ్బిలి కోట వెనక ఒక సందు ఉంది. రెండు గోడల మధ్య ఒక్క స్కూటరు పట్టేంత సందు. కిందటి దసరా నుంచి దానికి చెడ్డపేరు వచ్చింది. దీపాలు పెట్టాక అటు ఎవరూ వెళ్లరు.

వెళ్లొచ్చినవాళ్లందరూ చెప్పేది ఒకటే. నడుస్తూంటే వెనకాల ఎవరో నడుస్తారు... మనం ఆగితే ఇంకో రెండడుగులు వేసి ఆ అడుగులూ ఆగుతాయి. వాన చప్పుడు వినిపిస్తుంది — చెయ్యి చాపితే చుక్క తగలదు. ఆఖర్న చెవి పక్కనే ఒక నిట్టూర్పు. అంతే. మాట మాత్రం ఉండదు.

నాకు అక్కడే అనుమానం వచ్చింది. మా వైపు దెయ్యాలు అంత మితభాషులు కావు. చుట్టకి నిప్పైనా అడుగుతాయి, ఎవరింటి మనిషివనైనా అడుగుతాయి. అలాగని నేను వెళ్లి చూసిందీ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఈ సంగతంతా నాకు చెప్పింది ఆ సందు చివరింట్లో వీణ నేర్పే రాజరాజేశ్వరిగారు. వాళ్ల నాన్నగారు మొదలుపెట్టిన పాఠం అది, నలభై ఏళ్లుగా సాగుతోంది. దసరాకి పదకొండుమంది పిల్లలు వచ్చేవారు. దెయ్యం వచ్చాక తల్లులు ఒక్కొక్కరే ఫోన్ చేశారు. పిల్ల జడుసుకుంటోందండీ, కొన్నాళ్లు ఆగి పంపిస్తామండీ అని. కార్తీకం వచ్చేసరికి మిగిలింది కూర్మయ్య ఒక్కడే.

కూర్మయ్యది కళింగపట్నం. రోజూ బొబ్బిలి దాకా చేపల ఐసు వ్యాను నడుపుతాడు. గుమ్మంలో వంగి లోపలికి రావాల్సినంత మనిషి, నలభై దాటాక వీణ మీద మనసు పడింది. అతను కూడా మానేస్తే పాఠం మూసెయ్యాల్సిందే. ఆ ఆలోచన వస్తేనే ఆవిడకి ఏడుపొచ్చేదట.

ఒక శనివారం ఏడు దాటినా కూర్మయ్య రాలేదు.

అరగంట చూశారు. ఇక కూర్చోలేక టార్చిలైటు పట్టుకుని సందులోకి దిగారు.

సగం దూరం వరకూ ఏమీ లేదు. తరవాత... అడుగులు. వెనకాలే. తడి నేల మీద నడిచినట్టు.

ఆవిడ ఆగారు. ఇంకో రెండడుగులు పడి, అవీ ఆగాయి.

వాన మొదలైంది. చెయ్యి చాపారు. అరచెయ్యి పొడిగానే ఉంది.

అప్పుడు — కుడి చెవి పక్కన, బారెడు దూరం కూడా లేదు — ఎవరో దీర్ఘంగా ఊపిరి వదిలారు.

పరిగెత్తుదామనే అనుకున్నారట. కానీ ముప్పై ఏళ్లుగా తీగలు శ్రుతి చేస్తున్న చెవి ఊరుకోదు కదా. నిట్టూర్పు ఆగాక కూడా దాని వెనక సన్నగా, తెగకుండా ఒక 'గుయ్' మిగిలింది. పాత రేడియోలో వచ్చే గుయ్. దెయ్యానికి కరెంటు ఎందుకా అని ఆవిడ టార్చి పైకెత్తారు.

పక్కింటి నరసింగరావు కిటికీ ఊచలకి రెండు నల్ల డబ్బాలు. నైలాను తాడుతో కట్టి, మంచు పడకుండా పాల కవర్లు తొడిగి ఉన్నాయి.

వెళ్లి తలుపు కొడితే నరసింగరావు తీశాడు. లోపల చీకటి. గోడంతా ప్రొజెక్టరు బొమ్మ — వానలో అడవి దారిన ఒకావిడ నడుస్తోంది.

ప్రొజెక్టరూ స్పీకర్లూ కలిపి దసరాకి గుట్టుగా కొనుక్కున్నాడట. శబ్దం బయటికి పోకూడదని తలుపులన్నిటికీ బొంతలు కట్టాడు. ముందు స్పీకర్లు తెరకి అటూ ఇటూ పెట్టాడు, మాటలు వచ్చేదాన్ని తెర కింద పెట్టాడు. వెనక స్పీకర్లు మనిషి వెనక ఉండాలని వాటితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. సోఫా వెనక గోడ ఉంది. గోడ వెనక సందు ఉంది. అందుకని సందులో కట్టాడు. అడుగులూ వానా నిట్టూర్పులూ ఆ రెండింట్లోకే వస్తాయి. రోజూ, నాలుగడుగులు పడి ఆగిపోయే ఆ ఒక్క సీనే పెట్టి పరీక్షించుకుంటున్నాడు, సినిమా ఆఖరు ఇంకా చూడనేలేదు.

"మరి కిటికీ మూసి ఉందేం?" అన్నారావిడ.

"దోమలప్పా."

"వెనక శబ్దం నీకు వినిపిస్తోందా?"

"నేదప్పా. అందుకే సౌండు పెంచతన్నాను."

ఆవిడకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ముందు తిట్టారు. తరవాత సోఫాని రెండు మూరలు ముందుకి లాగించారు. డబ్బాలు లోపలికి తెప్పించి, చెవుల ఎత్తుకి స్టూళ్ల మీద, కూర్చున్న మనిషికి కాస్త వెనగ్గా పెట్టించారు. కళ్లు మూసుకుని తనే సోఫాలో కూర్చుని, ఇంకో బెత్తెడు, ఇంకో అంగుళం అంటూ, వీణకి మెట్లు కూర్చినట్టే కూర్చారు. సీను మళ్లీ పెడితే వాన గది నిండా పడింది. నరసింగరావు తల తడిమి చూసుకున్నాడట.

మర్నాడు ఆవిడ తల్లులందరికీ ఫోన్ చేసి చెప్పారు. అందరూ కడుపుబ్బ నవ్వారు. సోమవారం ఒక్కరూ పిల్లల్ని పంపలేదు. ఒకరికి ట్యూషను, ఒకరికి కరాటే, ఒకరికి చుట్టాలు. పిల్లలు ఏనాడూ జడుసుకోలేదని, మానెయ్యడానికి మర్యాదైన వంక దొరికిందని ఆవిడకి అప్పుడు అర్థమైంది. దెయ్యమే ఉన్నా బాగుండేదని చాలా బాధపడ్డారు.

ఆరున్నరకి కూర్మయ్య వచ్చాడు. శనివారం వ్యాను చక్రం పంచరై దారిలో ఉండిపోయాడట. ఆవిడ జరిగిందంతా చెప్పారు. ఆ మనిషి నేల మీద చతికిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని, చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాడు.

"నువ్వు కూడా భయపడ్డావా, కూర్మయ్యా?"

"నాకొక్కడికే బయం అమ్మగారూ. ఆ పిల్లలు సందు మొదట్లోనే నవ్వుకుంటా ఎల్లిపోయీవోరు. నాను అప్పన్న సామిని తలుసుకుని, కళ్లు మూసీసి, లగెత్తుకొచ్చీవోణ్ని. ఎల్లినప్పుడూ అంతే."

"అంత భయపడుతూ రోజూ ఎందుకొచ్చావయ్యా?"

అదేం ప్రశ్నో అతనికి బోధపడలేదు. వీణ ఒళ్లోకి తీసుకుంటూ ఆవిడ మొహంలోకి చూశాడు.

"పాటం ఇక్కడే గదమ్మా సెప్తారు."