పడితే ఒకటి

ఉదయం ఆరు గంటలకు తాడు కదిలేది. అవనిగడ్డ నుంచి నాగాయలంక దాకా, ఒకప్పుడు వరిచేలుగా ఉండి ఇప్పుడు రెండు నిలువుల లోతున మునిగిపోయిన నేల మీదుగా, ఉక్కు స్తంభాల మధ్య అది పొద్దుగూకేవరకు తిరుగుతూ ఉండేది. నలభై సెకన్లకు ఒకటి చొప్పున దానికి పిడులు వేలాడేవి. మందులు తెచ్చే నర్సు, రొయ్యల బుట్ట వీపున కట్టుకున్న ఆడమనిషి, బడి పంతులు, అందరూ కాళ్ళకు పలక బిగించుకుని, పిడి అందుకుని, నీళ్ళ మీద నిలబడి సాగిపోయేవారు. వెనకటి రోజుల్లో డబ్బున్నవాళ్ళు సెలవుల్లో సరదాకు ఆడిన వేక్‌బోర్డు, సముద్రం లోపలికి వచ్చాక దివిసీమకు నడక అయింది.

పడవలు లేకపోలేదు. కాని తుఫాను గాలికి పడవ తిరగబడుతుంది, తాడు తెగదు. హెచ్చరిక రాగానే జనం మెరకకు చేరేది తాడు పట్టుకునే. అయిదేళ్ళ లోపు పిల్లలను పెద్దవాళ్ళు వీపున కట్టుకునేవారు. ఆరేళ్ళు వచ్చిన పిల్ల బరువుకు పలక మునిగేది. అందుకని ఆరో ఏడు రాగానే ప్రతి పిల్లా తన కాళ్ళ మీద తాను నిలబడటం నేర్చుకోవలసిందే.

మునిగిన పాత కరకట్ట మీద నడుంలోతు నీళ్ళలో ఈ విద్య నేర్పేవారు. అక్కడ చిన్న తాడు ఒకటి గుండ్రంగా తిరుగుతూ ఉండేది. నేర్పడంలో ఒక ఆచారం ఉంది. దాని పేరు "పడితే ఒకటి". పడిన ప్రతిసారీ పిల్ల జబ్బ మీద చింతబరికెతో ఒక దెబ్బ. దానికొక కారణమూ చెప్పేవారు. పడిన పిల్ల నలభై సెకన్లలో పక్కకు జరగకపోతే వెనక వచ్చే పలక అంచు తలకు తగులుతుంది. దెబ్బకు జడిసి పిల్లలు చేపల్లా పక్కకు తప్పుకునేవారు.

డాక్టర్ తారకేశ్వరి కొడుకు నిశాంత్ తప్పుకోలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఒక ఉదయం వాడు పదకొండుసార్లు పడ్డాడు, పదకొండు దెబ్బలు తిన్నాడు. పన్నెండోసారి పడినప్పుడు నీళ్ళలో తేల్చే జాకెట్ బకిల్ విప్పుకుని నీళ్ళ అడుగున నక్కాడు. బరికె కంటపడకుండా దాక్కున్నాడని తోటి పిల్లలు తరవాత చెప్పారు. ఊపిరాడక తల పైకెత్తేసరికి వెనక పలక వచ్చింది. ప్రమాదమని, తాడు వ్యవహారాలు చూసే తాడు సభ తీర్మానించింది. నేర్పిన నాంచారయ్య మేస్టారును ఎవరూ ఏమీ అనలేదు. తారకేశ్వరి కూడా అనలేదు. ఆ ఉదయం ప్రయోగశాలకు వెళ్ళే తొందరలో, నాలుగు తగిలించి అయినా నేర్పండి మేస్టారూ అని చెప్పి వెళ్ళింది ఆమే.

ఆ తరవాత ఆమె ఎనిమిదేళ్ళు ఒకే పని చేసింది. నొప్పి అంటే నరాల్లో ప్రవహించే విద్యుత్ సంకేతం. దాన్ని వెన్నెముక దగ్గర చదవవచ్చు, చదివినదాన్ని రేడియో తరంగాలుగా మరో వెన్నెముకకు పంపవచ్చు. పిల్ల నడుముకు ఒక పట్టీ, మేస్టారు నడుముకు ఒక పట్టీ. పిల్లకు ఎక్కడ ఎంత నొప్పి పుడితే మేస్టారుకు అక్కడ అంతే నొప్పి, కన్నుమూసి తెరిచేలోగా. గాయం పిల్లదే, బాధ మాత్రం ఇద్దరిదీ. తారకేశ్వరి దానికి సహవేదిని అని పేరు పెట్టింది. జనం నొప్పి బెల్టు అన్నారు.

ఆమెతో కలిసి పనిచేసిన డాక్టర్ ఫజలుల్లాకు మొదటినుంచీ ఒక సందేహం ఉండేది. తెలియకే కొడుతున్నారు, తెలిస్తే మానేస్తారు అని ఆమె అన్న రోజున అతను వైర్లు అతుకుతూనే జవాబిచ్చాడు.

"ఉపవాసం ఉన్నవాడికి పక్కవాడి ఆకలి తెలుస్తుంది మేడమ్, నిజమే. కాని నేను ఉపవాసం ఉన్నానన్న గర్వం కూడా వాడికే వస్తుంది."

ఆమె వినిపించుకోలేదు. సభ ఆ పట్టీని తప్పనిసరి చేసింది. మొదటి రోజు నాంచారయ్య బరికె ఎత్తి ఒక పిల్లవాణ్ణి కొట్టి, తానే కెవ్వుమని జబ్బ పట్టుకుని నీళ్ళలో కూలబడ్డాడు. పక్కనున్న మెరక గట్టు మీద తల్లులు పడీపడీ నవ్వారు. నెల రోజులు కరకట్ట మీద దెబ్బ చప్పుడు వినపడలేదు. సభ ఆమెకు శాలువా కప్పింది. ఆ శాలువాను ఆమె కూతురు మిన్నికి దుప్పటిగా వేసింది.

మిన్నికి ఆరేళ్ళు నిండి ఏడో నెల నడుస్తోంది. తారకేశ్వరి ఆ పిల్లను ఇంతవరకు నీళ్ళ ఛాయలకు పోనివ్వలేదు. కాని తుఫాన్ల కాలం ఇరవై రోజుల్లో ఉంది. ఈసారి హెచ్చరిక వస్తే పిల్లను వీపున మోయలేదు, ఇంట్లో వదిలి పోలేదు. పట్టీ వచ్చి అప్పటికి ఏడాది అయింది, ఇక భయం లేదనుకుని ఒక ఆదివారం పొద్దున పిల్లను కరకట్టకు తీసుకువచ్చింది.

నాంచారయ్య చక్కగానే నేర్పాడు. మోకాళ్ళు గుండెకు ఆనించమన్నాడు. చేతులు చాచి ఉంచి, తాడును నువ్వు లాగొద్దు, అదే నిన్ను లేపుతుందన్నాడు. కాళ్ళ వంక చూస్తే కాళ్ళ దగ్గరే పడతావు, అదిగో ఆ స్తంభం చూడు అన్నాడు. మిన్ని తొందరపడి లేచింది. పలక ముక్కు నీళ్ళలో గుచ్చుకుని, నీరు పిల్ల మొహానికి చెంపదెబ్బలా తగిలింది. నాంచారయ్య మొహం చిట్లించాడు. ఆ తరవాత భుజాన వేసుకున్న తడితాడు ముక్క తీసి పిల్ల జబ్బ మీద మూడు దెబ్బలు కొట్టాడు. మూడుసార్లూ పళ్ళు కరుచుకున్నాడు. మూడోదాని తరవాత అతని మొహం తేటపడింది.

తారకేశ్వరి నీళ్ళలోకి ఎలా దిగిందో ఆమెకే తెలియదు. అతని చొక్కా పట్టుకుంది. అతను విడిపించుకోలేదు.

"నేనూ తింటన్నానుగా మేడమ్," అన్నాడు. "పాపకెంత మంటో నాకూ అంత మంట. ఇదివరకు పిల్లోణ్ణి కొట్టిన రోజున కూడు సయించేది కాదు. మీ బాబు పోయాక ఆర్నెల్లు సరిగ్గా తిన్లేదు. ఇప్పుడా బాధ లేదండి. ఇద్దరం సమానం. మీ బెల్టు శానా మంచిది."

ఆమె అతని పట్టీలో నమోదైన దెబ్బల లెక్క తెరిచి చూసింది. బరికె ఉన్న రోజుల్లో పడితే ఒకటి, ఇప్పుడు పడితే మూడు. మిగతా మేస్టార్లవీ అంతేనని అతనే చెప్పాడు. తల్లులు కూడా ఏమీ అనడం లేదట. మేస్టారు తినడం లేదా, నువ్వు తినలేవా అని వాళ్ళే పిల్లలను నీళ్ళలోకి తోస్తున్నారట.

ఆమె అతని పట్టీ ఊడదీసి తన నడుముకు కట్టుకుంది. నేనే నేర్పుకుంటాను, మీరు గట్టెక్కండి అంది. అతను గట్టెక్కాడు.

పట్టీ బిగించగానే మిన్ని జబ్బ మీది మూడు వాతలూ తారకేశ్వరి జబ్బ మీద భగ్గుమన్నాయి. ఆమె పిల్లను ముద్దుపెట్టుకుని, మెల్లిగా, భయం లేదు అంటూ పిడి అందించింది. పిల్ల పడింది. మళ్ళీ అందించింది. మళ్ళీ పడింది. ఈసారి లేవలేదు. నీళ్ళలో బోర్లా, కదలకుండా ఉండిపోయింది. వెనక ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె పిడి పట్టుకుని వస్తోంది. తనను తాను ఆపుకోవడం ఆ పిల్లకు ఇంకా రాదు.

"లే మిన్నీ."

పిల్ల లేవలేదు. పలక నీటిని చీలుస్తున్న చప్పుడు దగ్గరికి వచ్చేసింది. తారకేశ్వరి కూతురి జుట్టు పట్టి పైకి లాగి చెంప మీద కొట్టింది. చాలా గట్టిగా కొట్టింది. పిల్ల పక్కకు దూకింది. పలక రెండు జానల దూరంలో పోయింది.

తారకేశ్వరి చెంప పగిలిపోతున్నట్టుంది. కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. ఆ నొప్పి దవడలోంచి మెడలోకి దిగుతుంటే ఆమెకు ఊపిరి తేలికగా ఆడింది. తొమ్మిదేళ్ళుగా అలా ఆడలేదు. ఆ ఉదయం ఆమె అన్న మాటకు ఎవరూ ఆమెను దండించలేదు. సభ ఓదార్చింది, చుట్టాలు ఓదార్చారు, నాంచారయ్య కాళ్ళ మీద పడ్డాడు. ఇన్నాళ్ళకు ఎవరో కొట్టారు.

మిన్ని బుగ్గ పట్టుకుని తల్లి వంక చూసింది. "నీక్కూడా తగిలిందా అమ్మా?"

"తగిలింది."

"అయితే సర్లే," అంది పిల్ల.

తరవాతి సారి పడినప్పుడు వెనక ఎవరూ రావడం లేదు. అయినా తారకేశ్వరి కొట్టింది. ఆ తరవాత పడినప్పుడు పిల్ల తానే లేచి పక్కకు జరిగింది. అప్పుడూ కొట్టింది, రెండుసార్లు. పిల్ల ముక్కునుంచి నెత్తురు కారి జాకెట్ మీద పడింది. గట్టు మీది నాంచారయ్య తల తిప్పుకుని తక్కిన పిల్లలను ఇళ్ళకు తోలుకుపోయాడు.

మధ్యాహ్నానికి మిన్ని లేచింది. మడిచిన కాళ్ళు మెల్లిగా నిటారు చేసి, చేతులు చాచి, చూపు దూరపు స్తంభం మీద నిలిపి, తాడు లేపినట్టే లేచింది. ఒక చుట్టు పూర్తిగా తిరిగింది. ఉబ్బిన మొహంతో నవ్వుతూ, ఎక్కడా పడకుండా వచ్చి తల్లి ముందు ఆగింది. ఇక తుఫాను వచ్చినా ఆ పిల్లకు భయం లేదు.

"వచ్చేసిందమ్మా. ఇంటికి పోదామా?"

తారకేశ్వరి ఒళ్ళంతా వెతుక్కుంది. పాత దెబ్బల సలుపు తప్ప కొత్త నొప్పి ఎక్కడా లేదు. ఆ సలుపు కూడా తగ్గుతోంది.

"ఇంకొక్క చుట్టు," అని పిడి కూతురి చేతికిచ్చి, ఆమె తాడు వేగం పెంచే మీట దగ్గరికి నడిచింది.